క్లిప్పుల కన్నా ముందు బిళ్లల డబ్బా

"మందులేమైనా వాడుతున్నారా అమ్మా?" అంటే ఆ తల్లి తడుముకోకుండా "ఏం లేవు సార్" అంది. కుర్చీలో పదిహేనేళ్ల అబ్బాయి. ఎత్తుపళ్లకు క్లిప్పులు వేయించుకోవాలని వచ్చాడు. నోరు తెరిచాక ఆమె మాట మీద నాకు నమ్మకం పోయింది. ముందుపళ్ల మధ్య చిగుళ్లు బొడిపెల్లా లేచి, ఒక్కో పన్నునూ మూడో వంతు కప్పేశాయి.

"రోజూ వేసుకునే బిళ్లలు?" అని మార్చి అడిగాను.

"అవా! కిడ్నీ మార్చినప్పటి నుంచీ ఉన్నవే కదా సార్" అంటూ సంచిలోంచి గళ్ల డబ్బా తీసింది. సైక్లోస్పోరిన్, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, బీపీకి అమ్లోడిపిన్. మనవాళ్లకు జ్వరానికి మింగేదే మందు. ఏళ్ల తరబడి మింగేది లెక్కలోకి రాదు.

సైక్లోస్పోరిన్ నార్వే మట్టిలో దొరికిన బూజు నుంచి వచ్చింది. 1983లో అమెరికాలో అనుమతి పొందింది. మార్చిన కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా కాపాడుతుంది, చిగుళ్లను మాత్రం పెంచుతుంది. అమ్లోడిపిన్‌కూ ఆ గుణం కొంత ఉంది. రెండింటికీ పళ్ల మీది పాచి తోడైతే ఇక చెప్పేదేముంది!

నిజానికి నన్ను తికమక పెట్టేది చిగురు కాదు, లోపలి ఎముక. తీగ నెట్టే వైపు ఎముక కరగాలి, అవతలి వైపు కొత్తది పేరుకోవాలి. ఆ పని నడిపించేది చిన్నపాటి వాపే. ఇరవై ఏళ్లుగా నేను అన్నం తింటున్నది ఆ వాపు పుణ్యమే. సైక్లోస్పోరిన్, ప్రెడ్నిసొలోన్ అణిచేది కూడా దాన్నే. అలాగని పళ్లు కదలవనుకుంటే పొరపాటు. చాలా రోజులు స్టెరాయిడ్ ఇచ్చి ఎముక గుల్లబారిన కుందేళ్లలో పళ్లు మామూలు కన్నా వేగంగా జరిగాయి, వదిలేస్తే అంతే తొందరగా వెనక్కి వచ్చాయి. అందుకే సన్నటి తీగ, తక్కువ బలం, దగ్గర దగ్గర తేదీలు.

ఆ రోజు క్లిప్పులు వేయలేదు. పాచి తీసి, కిడ్నీ డాక్టరుగారికి ఉత్తరం రాసిచ్చాను. ఆయన ఆలోచించి సైక్లోస్పోరిన్ బదులు టాక్రోలిమస్ పెట్టారు. చిగుళ్లు దిగడానికి నెలలు పట్టింది. ఆ తర్వాత క్లిప్పులు వేసేటప్పుడు చిగురు కిందికి దిగే బ్యాండ్లు మానేసి, వెనకపళ్లకు కూడా అతికించే బ్రాకెట్లే వాడాను. నొప్పికి పారాసిటమాలే, ఐబుప్రొఫెన్ కిడ్నీకి పడదని తల్లికి రెండుసార్లు చెప్పాను.

అబ్బాయికి ఇవేవీ పట్టలేదు. నీలం రబ్బర్లు కావాలన్నాడు, స్నేహితుడికి ఉన్నాయట. వాటికి పాచి ఎక్కువ పడుతుందని స్టీలు తీగతో కట్టాను. అద్దంలో చూసుకుని మూతి ముడిచాడు.