పేడనీళ్ల కోర్టు

ఆదోని నల్లరేగడి ఎండకు నెర్రెలిస్తుంది, వానకు చెప్పులు పట్టేసుకుంటుంది. అలాంటి నేలను కల్లంగా మార్చే పని చూసి తీరాలి. గడ్డి చెక్కి, నీళ్లు చల్లి, దిమ్మిసతో గట్టిపరిచి, పైన పేడనీళ్లతో అలుకుతారు. ఎమ్మిగనూరు వైపు పల్లెల్లో ముంగిళ్లకూ ఇదే పూత.

సానియా మీర్జా హైదరాబాద్‌లో టెన్నిస్ మొదలుపెట్టింది పేడతో అలికిన కోర్టు మీదే! మట్టి మీద బంతి నెమ్మదించి ఎత్తుగా లేస్తుంది. పచ్చిక మీద జారి మోకాలి కిందికొస్తుంది. ఆమె 2012లో పారిస్ ఎర్రమట్టి మీద మహేశ్ భూపతితో, 2015లో వింబుల్డన్ పచ్చిక మీద హింగిస్‌తో డబుల్స్ టైటిళ్లు గెలిచింది.

అడుగు జారించడం, మోకాలు వంచడం ఆటగాళ్ల విద్య. నాకైతే అలికే చేతి మీదే గురి. పూత పలచనైతే దుమ్ము, చిక్కనైతే పెచ్చులు. చిన్న గుంట మిగిలినా బంతి పక్కదారి పడుతుంది.