బీపీ బిళ్ల మీద ఎలుకల సాక్ష్యం

సామర్లకోటలో బీపీ బిళ్ల వేసుకునేవాళ్లు లేని వీధి ఉండదు. అందుకే ఆ బిళ్ల గురించి ఎక్కడ ఏం తేలినా మనకు పట్టాల్సిన సంగతే. అమెరికాలోని సెడార్స్-సైనాయ్ పరిశోధకులు 2021లో ఒక ఫలితం బయటపెట్టారు. రామిప్రిల్ అనే బీపీ మందు ఇచ్చిన ఎలుకల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు బ్యాక్టీరియాను చంపడంలో వెనకబడ్డాయి. సార్టాన్ అనే మరో రకం బీపీ మందు ఇచ్చిన ఎలుకల్లో ఆ లోటు కనిపించలేదు. నా దృష్టిలో అసలు విషయం ఈ తేడాలోనే ఉంది. రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్‌-2ను తయారుచేసేది ఏస్ అనే ఎంజైమ్. రామిప్రిల్ లాంటి ప్రిల్ మందులు ఆ ఎంజైమ్‌నే ఆపుతాయి. సార్టాన్లు దాని జోలికి పోకుండా, యాంజియోటెన్సిన్ పనిచేసే చోట అడ్డుపడతాయి. బీపీ రెండింటితోనూ తగ్గుతుంది. కాబట్టి తెల్లకణాలు డీలాపడింది బీపీ తగ్గినందుకు కాదు, ఆ ఎంజైమ్ ఆగినందుకు. ఏస్ ఎక్కువగా తయారయ్యేలా మార్చిన ఎలుకల న్యూట్రోఫిల్స్ మొండి స్టాఫ్ బ్యాక్టీరియాను మరింత గట్టిగా చంపాయని అంతకుముందే తేలింది కూడా.

ఎలుకకూ మనిషికీ పోలికేమిటని అడగొచ్చు. సబబైన ప్రశ్నే. ప్రయోగశాల ఎలుకకు మన పెద్దవాళ్లలా షుగరూ కిడ్నీ జబ్బూ కలిసి ఉండవు. కానీ అదే పరిశోధనలో వారం రోజులు రామిప్రిల్ వాడిన కొద్దిమంది మనుషుల న్యూట్రోఫిల్స్‌నూ పరీక్షిస్తే, వాటి శక్తీ తగ్గింది. ఇలాంటిది కొత్తేమీ కాదు. ప్రిల్ మందుల్లో మొదటిదైన కాప్టోప్రిల్‌ను తొలినాళ్లలో పెద్ద మోతాదుల్లో ఇచ్చినప్పుడు, ముఖ్యంగా కిడ్నీ జబ్బున్న కొందరిలో, న్యూట్రోఫిల్స్ సంఖ్యే పడిపోయింది. మిథైల్‌డోపా అనే మరో బీపీ మందు వాడిన కొందరిలో సొంత ఎర్రకణాల మీదే యాంటీబాడీలు పుట్టాయి. అయినా గాజుపాత్రలో కణం నీరసించడం వేరు, మనిషి ఆసుపత్రి పాలవడం వేరు. ప్రిల్ వాడేవాళ్లకు ఇన్ఫెక్షన్లు నిజంగా ఎక్కువా అన్నది మనుషుల్లోనే లెక్కతేలాలి. ఏం లెక్కపెట్టాలో చూపించడం వరకే ఎలుక పని.

ఇవన్నీ జనానికి చెబితే బిళ్లలు మానేస్తారని కొందరి భయం. ఆ భయం నాకూ ఉంది. ఉభయగోదావరి జిల్లాల 45 గ్రామాల్లో మరణాల కారణాలు ఆరాతీసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రతి వంద చావుల్లో సుమారు 32 గుండె, రక్తనాళాల జబ్బులవే. అదుపు తప్పిన బీపీ చేసే హాని ఎలుకల్లో ఊహించినది కాదు, మన ఊళ్లలో లెక్కకొచ్చినది. అయినా దాచిపెట్టడం మందు కాదు. సగం వార్త విని మానేసేవాళ్లకు మిగతా సగం కూడా చెప్పాలి. మీ బిళ్లల షీటు మీద మందు పేరు ప్రిల్‌తో ముగిసి, మీకు తరచూ ఇన్ఫెక్షన్లు వస్తుంటే డాక్టరుగారికి ఆ మాట చెప్పండి. మార్చాలో వద్దో వారు నిర్ణయిస్తారు. అప్పటిదాకా ఈ పూట బిళ్ల మానకండి.