లింకు పట్టే పనితనం

కర్నూలులోనో కడపలోనో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర కూర్చునే దస్తావేజు లేఖరికి చేను కాగితం ఇచ్చి చూడండి. అతని చూపు ధర మీద నిలవదు. అమ్మేవారికి ఆ చేను ఎట్లా వచ్చిందో రాసిన వాక్యం వెతుకుతుంది. అందులో పాత దస్తావేజు (లింకు డాక్యుమెంటు) నంబరు, సంవత్సరం ఉంటాయి. దాని నకలు తీయించి మళ్లీ అదే ప్రశ్న వేస్తాడు. క్రయం వెనక భాగపరిష్కారం, దాని వెనక తాత కొన్న కాగితం.

ఇలా ఒకే ప్రశ్నను వచ్చిన జవాబు మీదే మళ్లీ మళ్లీ వేయడం కంప్యూటరు భాషలో రికర్షన్. డేటాబేసులను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్; 1999 నాటి దాని ప్రమాణంలో రికర్షన్‌కు చోటు దక్కింది. రిజిస్ట్రేషన్లను కంప్యూటరుకెక్కించిన ‘కార్డ్’ పథకం అంతకు ముందే, 1998లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది.

లేఖరి పని లింకు పట్టడంతోనే తీరదు. అమ్మేవారు ముగ్గురైతే మూడు దారులూ విడివిడిగా నడవాలి. సర్వే నంబరు చీలితే ఏ ముక్క మనదో తేల్చాలి. దారి చివర డీకేటీ పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన భూమి పట్టా) తేలిందా, 1977 నాటి అసైన్డు భూముల చట్టం చూడందే కలం కదలదు. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాట పంపకం ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనిపించవు. ఆ ఖాళీని పసిగట్టి, వారసులందరి సంతకాలూ అడిగే లేఖరి కొనేవాడికి కోర్టు వాయిదాలు తప్పిస్తాడు.