పగలు నీడ, రాత్రి నడక

ఎండాకాలంలో, తెల్లవారకముందు రాయపట్నం వంతెన మీదికి వస్తే కాషాయ బట్టల మనుషులు ఒకరి వెనుక ఒకరు గోదావరి దాటుతూ కనిపిస్తారు. ముందు నడిచే స్వామి చేతిలో హనుమంతుడి జెండా, అందరికంటే వెనుకనున్న స్వామి చేతిలో టార్చిలైటు. కాళ్లకు చెప్పులుండవు. మంచిర్యాల, లక్షెట్టిపేట వైపు నుంచి కొండగట్టు అంజన్న దగ్గరికి నడిచిపోతున్న దీక్షాపరులు వీళ్లు. బస్సెక్కితే పూటలో తేలిపోయే ప్రయాణం నడకన రెండు మూడు రోజులు పడుతుంది.

కొండగట్టులో హనుమజ్జయంతి ఏటా రెండుసార్లు వస్తుంది. చైత్ర పౌర్ణమికి చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతి. ఆ పౌర్ణమి మొదలు ఈ దశమి దాకా తిథులు లెక్కపెడితే 41 తేలతాయి. మండల దీక్షకు అచ్చంగా సరిపోయే లెక్క అది. చిన్న జయంతినాడు మాల వేసుకున్నవాళ్లు పెద్ద జయంతికి కొండమీద విరమిస్తారు. అన్ని రోజులు వీలుకానివాళ్లకు 21 రోజులు, 11 రోజుల దీక్షలున్నాయి.

చిక్కల్లా ఎండతోనే. మే నెలలో ఉత్తర తెలంగాణ జిల్లాల్లో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. జగిత్యాల దాకా నడక సాగేది 63వ నంబరు జాతీయ రహదారి మీద, అదీ ఉత్త కాళ్లతో. కాబట్టి రోజుకు ఎంత దూరం నడిచారన్న దానికన్నా పొద్దెక్కేసరికి ఏ నీడ చేరారన్నదే ఈ యాత్రలో అసలు లెక్క. రాత్రి రెండు మూడు గంటలకు లేచి నడక మొదలుపెడితే తొమ్మిది, పదింటికల్లా ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే. మళ్లీ కదిలేది పొద్దు వాలాకే.

వంతెన దాటిన జట్టుకు ధర్మపురి సహజంగానే మజిలీ అవుతుంది. తూర్పుకు సాగే గోదావరి ఇక్కడ దక్షిణానికి తిరుగుతుంది. ఆ దక్షిణవాహినిలో స్నానం చేసి లక్ష్మీనరసింహుణ్ణి దర్శించుకుంటారు. ఆ గుడి ప్రాంగణంలోనే యమధర్మరాజుకూ ఒక ఆలయం ఉంది. ధర్మపురికి వచ్చినవాళ్లకు యమపురి ఉండదన్న నానుడి పుట్టింది అందుకే. అక్కడి గండదీపంలో నూనె పోసి గండాలు తొలగాలని మొక్కుతారు. నరసింహ శతకం రాసిన శేషప్ప కవిదీ ఈ ఊరే. అంజన్న యాత్రలో నరసింహుడి దర్శనం ఏమిటని అడిగితే జవాబు కొండమీద దొరుకుతుంది. కొండగట్టు మూలమూర్తికి రెండు ముఖాలు. ఒకటి ఆంజనేయుడిది, రెండోది నారసింహుడిది.

ఇక పాదాల సంగతి. ఎండ ముదిరేవేళకు ఇంకా రోడ్డు మీదే ఉన్న జట్టును గమనిస్తే, అందరూ రోడ్డు అంచున గీసిన తెల్ల గీత మీదే అడుగులు వేస్తుంటారు. నల్లటి తారు ఎండను పీల్చుకుంటుంది, తెల్ల రంగు కొంత తిప్పికొడుతుంది. ఆ సన్నటి గీతే అప్పటికి వాళ్ల దారి. పక్కనున్న మట్టి తారంతగా కాలదు కానీ పల్లేరుకాయలు, తుమ్మముళ్లు ఊరుకోవు. మజిలీ చేరగానే కాళ్లు కడుక్కుని, తడి పూర్తిగా ఆరాక కొబ్బరినూనె రాసుకుంటారు. బొబ్బ లేస్తే చితకనివ్వరు. తోలు ఊడిందంటే మర్నాటి నడక కుంటినడకే.

జట్టు వేగాన్ని నిర్ణయించేది అందరికంటే మెల్లగా నడిచే మనిషి. జట్టును నడిపించే గురుస్వామి ఆ మనిషిని ముందువరుసలో పెడతాడు. వెనుక పెడితే అందుకోవాలన్న ఆత్రంలోనే సగం అలసట. బియ్యం, గిన్నెలు, పడకలు వెనుక వచ్చే ట్రాలీ ఆటోలో ఉంటాయి. మధ్యాహ్నం ఏ గుడి మండపంలోనో, మామిడితోటలోనో వండుకుంటారు. ఆ ఒక్కపూట భోజనాన్ని భిక్ష అంటారు, రాత్రికి ఫలహారమే. ఊళ్లవాళ్లు సల్ల, మజ్జిగన్నం తెచ్చి పెడితే వంట పనీ తప్పుతుంది.

ఇదే గోదావరి కోసం ఎగువన మరో నడక సాగుతుంది. పుష్యమాసంలో మెస్రం వంశపు గోండులు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ నుంచి జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు చెప్పుల్లేకుండా నడిచి, ఝరి అనే పాత్రలో గంగాజలం తెస్తారు. పుష్య అమావాస్య రాత్రి నాగోబా మహాపూజకు ఆ నీళ్లే కావాలి. వాళ్లు నడిచేది ఆదిలాబాద్ చలిలో, వీళ్లు నడిచేది వేసవి ఎండలో. వాళ్లు నది నుంచి నీళ్లు మోసుకుపోతారు, వీళ్లు నదిలో మునిగి ముందుకు సాగుతారు. నడవడం మాత్రం ఇద్దరికీ పూజలో భాగమే.

బస్సులుండగా అంజన్న స్వాములకు ఈ కష్టం దేనికన్న ప్రశ్న ఊళ్లలోనూ వినిపిస్తుంది. జవాబు దీక్షలోనే ఉంది. మాల మెడలో ఉన్నన్నాళ్లు మందు, మాంసం ముట్టరు. పేరుపెట్టి పిలవడం ఆగిపోతుంది. ఆసామీ స్వామే, అతని దగ్గర జీతానికున్నవాడూ స్వామే. ఇంట్లో ఉండి పాటించే ఈ నియమానికి నడకలో అసలు పరీక్ష. ఇద్దరికీ ఒకే గిన్నెలోని భిక్ష, ఒకే చెట్టు నీడ. ఎవరి కాలికి బొబ్బ లేచినా జట్టంతా ఆగుతుంది. ఊరు చేరాక ఇదంతా అలాగే నిలుస్తుందని ఎవరూ పూచీపడరు. అయినా మరుసటి ఏడు మళ్లీ బయల్దేరేవాళ్లలో పాతవాళ్లే ఎక్కువ.

ధర్మపురి నుంచి జగిత్యాలకు దాదాపు 30 కిలోమీటర్లు, అక్కడి నుంచి కొండగట్టుకు మరో 15. ఈ దూరం ఎక్కువగా చీకట్లోనే సాగుతుంది, పక్కనే లారీలు దూసుకుపోతుంటాయి. జయంతి రోజుల్లో ఈ రోడ్డున రాత్రిపూట బండి నడిపేవాళ్లు లైటు కాస్త కిందికి దించి, వేగం తగ్గించి, ఆ తెల్ల గీతను నడిచేవాళ్లకు వదిలేయాలి.