వీరుడు, నాయకుడు: పల్నాటి కథకు ఒక గ్రీకు పోలిక

ఆంగ్లమున 'హీరో' యను పదము రెండర్థముల నిచ్చుచున్నది. కావ్యేతివృత్తమునకు కేంద్రమైనవాడును హీరోయే, అసాధారణ సాహసము చూపినవాడును హీరోయే. మన భాషలో ఈ రెంటికిని వేర్వేరు పదములు గలవు. మొదటివాడు నాయకుడు, రెండవవాడు వీరుడు. చలనచిత్రములలోని ప్రధాన నటుని హీరో యనుట పరిపాటియైన పిదప వాడుకలో ఈ భేదము మఱుగుపడినది. వాడుకలో మఱుగుపడుట వలన పెద్ద నష్టము లేదు. విమర్శలో మఱుగుపడినచో కావ్యమునకే అన్యాయము జరుగును. శ్రీనాథకర్తృకమని ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్ర విషయమున అట్టి అన్యాయము కొంత జరిగినదని మా అభిప్రాయము.

10వ శతాబ్దివాడైన ధనంజయుడు దశరూపకమున నాయకులను ధీరోదాత్త, ధీరలలిత, ధీరశాంత, ధీరోద్ధతులని నాలుగు తెగలుగా విభజించెను. రూపకములను దృష్టియందుంచుకొని చేసిన విభాగమిది. రూపకములందును ఇది అన్నిచోట్ల సులభముగా అమరలేదు. హర్షుని నాగానందమున జీమూతవాహనుడు శంఖచూడుడను నాగుని కాపాడుటకై తన శరీరమును గరుడునకు అర్పించినాడు. అట్టివాడు ధీరోదాత్తుడా, ధీరశాంతుడా యని వ్యాఖ్యాతయైన ధనికుడు ప్రత్యేకముగా చర్చింపవలసివచ్చెను. వీరరసమును మాత్రము మన ఆలంకారికులు విశాలదృష్టితో చూచిరి. భరతుడు దానవీర, ధర్మవీర, యుద్ధవీరములను చెప్పగా, సాహిత్యదర్పణకర్త విశ్వనాథుడు దయావీరమును చేర్చి నాలుగనెను. దానికి స్థాయి ఉత్సాహము. ఆయుధము లేనివాడును వీరుడు కావచ్చునని దీని తాత్పర్యము.

ఇక బాలచంద్రుని చూతము. సంధికి తండ్రి బ్రహ్మనాయుడు సుముఖుడై యుండగా ఇతడు యుద్ధమునే కోరెను. తల్లి ఐతాంబ వారించినను వినలేదు. ఆప్తుడగు అనపోతును మోసగించెను. పరిశోధక విద్యార్థులు తఱచుగా ఈతని ధీరోదాత్తుడని నిరూపింప యత్నించి, ఈ ఘట్టములకడ సమాధానము తోచక చిక్కుపడుదురు. మఱికొందఱు ధీరోద్ధతుడని ముద్రవేసి విరమింతురు. ఇరువురును వేసిన ప్రశ్న ఒక్కటే: ఇతనియందు ఏ గుణములు కలవు? వీరగాథకు ఈ ప్రశ్న తగినదేనా యని మేము సందేహించుచున్నాము.

ఈ సందేహమును తీర్చుకొనుటకు 'హీరో' పదము పుట్టిన గ్రీకుదేశమునకే పోవుట మేలు. అచట 'హీరోస్' అనునది కావ్యపదము మాత్రమే కాదు, పూజకు సంబంధించినది కూడ. మరణానంతరము తన సమాధికడ బలులందుకొనువాడు హీరోస్. ఈ పూజకు సౌశీల్యము అర్హతగా నుండలేదు. క్రీ. శ. 2వ శతాబ్దివాడైన పాసేనియస్ చెప్పిన క్లియోమిడీస్ కథ ఇందుకు తార్కాణము. ఇతడు ఒలింపిక్ క్రీడలలో ముష్టియుద్ధమున ప్రత్యర్థిని చంపి, బహుమానము కోల్పోయి, మతి చలించి స్వస్థలమునకు మరలివచ్చెను. అచట ఒక పాఠశాల స్తంభమును కూల్చి సుమారు 60 మంది బాలుర మరణమునకు కారకుడయ్యెను. జనులు తరుమగా అథీనా ఆలయమున నొక పెట్టెలో దాగి అదృశ్యుడయ్యెను. అతనిని వీరునిగా పూజింపుడని డెల్ఫీ దేవవాణి ఆదేశించినదట. ఆ పూజ అతని చేతలకు మెప్పుదల కాదు. మఱవరాని మరణమును జనులు మోయుటకు ఏర్పడిన మార్గమని మాకు తోచుచున్నది.

ఇట్టి మార్గము మనకును కలదు. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోని కారెంపూడిలో ఏటేట కార్తికమాసాంతమున వీరారాధనము ఐదు దినములు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినముల పేర్లు. వీరుల ఆయుధములే అచట పూజలందుకొనును. కావ్యమున పాత్రగా నున్న బాలచంద్రుడు అచట ఆరాధ్యుడు. అచటికి వచ్చువారు అతడు ధీరోదాత్తుడా యని అడుగరు.

ఈ దృష్టితో చూచినచో అనపోతు వృత్తాంతమే కథకు మర్మస్థానమగును. బ్రాహ్మణుడైన అనపోతు యుద్ధమున చావరాదని బాలచంద్రుడు వస్తువొకటి తెమ్మను నెపమున అతనిని వెనుకకు పంపెను. మోసము తెలిసికొన్న అనపోతు ప్రాణత్యాగము చేసికొనెను. ఇలియడ్‌లో దీనికి ప్రతిబింబము వంటి ఘట్టము కలదు. అకిలీస్ తన కవచమును తొడిగించి మిత్రుడు పాట్రోక్లస్‌ను రణమునకు పంపును. అతడు హెక్టరు చేత హతుడగును. ఒకడు మిత్రుని యుద్ధమునకు పంపి పోగొట్టుకొనెను, వేఱొకడు యుద్ధమునుండి తప్పింపజూచి పోగొట్టుకొనెను. ఆ మరణభారముతోనే ఇరువురును రణమున పోరిరి. గుణదోషగణనము చేయు విమర్శకునకు ఇది బాలచంద్రుని దోషపట్టికలో నొక పంక్తి మాత్రమే.

ఐనను రెండు కథలను ఒక్కటిగా చేయరాదు. అకిలీస్ దేవతాపుత్రుడు. అతని కీర్తి అతనిదే. ఒడిస్సీలో ప్రేతలోకముననున్న అతడు మృతులకు రాజగుటకంటె పేదవాని యింట కూలియై బ్రతుకుట మేలని తలపోయును. ఏకాకి వీరుని కీర్తికి గ్రీకుకవియే చెప్పిన ప్రతివచనమది. పల్నాట వీరత్వము ఒక్కనిది కాదు, కూటమిది. వేర్వేరు కులములవారు బాలచంద్రునకు తమ్ములైరి. మాలకులజుడైన కన్నమదాసును బ్రహ్మనాయుడు కుమారునిగా స్వీకరించెను. చాపకూడు వారందఱను ఒక్క పంక్తిని కూర్చుండబెట్టెను. అనపోతు శత్రువు నొక్కని చంపలేదు. తోడివారి చావునుండి తాను వేఱుపడుటకు ఒప్పుకొనకపోవుటయే అతని వీరత్వము. తనవారికై చేసిన ఆ మోసమున బాలచంద్రుడు అతనిని రక్షింపబోయి పంక్తినుండి లేపినాడు. ఈ విషాదము నాలుగు తెగల నాయకలక్షణములలో ఎచటను ఇమడదు.

కావున వీరగాథలను పరిశోధించువారికి మా మనవి ఇది. నాయకలక్షణములను రూపకములకును, వాటి ననుసరించిన ప్రబంధములకును ఉపయోగింపవచ్చును. వీరగాథ యెదుట మాత్రము మొదట వేఱు ప్రశ్నలు వేయవలెను. ఇతడు ఎవరితో కలిసి మరణించెను? ఇతని మరణమును ఎవరు, ఎట్లు స్మరించుచున్నారు? రెండవ ప్రశ్నకు సమాధానము తాళపత్రములలో కొంతయే దొరకును. తక్కినది కార్తికమాసాంతమున కారెంపూడికి పోయి చూడదగును.