ఎదురుపడకుండా నడిచే విద్య

అడవిలో మృగాల బారిన పడకుండా ఉండటమంటే మనకు బాణం, బరిసె, గుండెధైర్యం గుర్తొస్తాయి. నల్లమల చెంచులకు విల్లంబులు తరతరాల ఆస్తి. అయినా పెద్దపులి, చిరుత, ఎలుగుబంటి తిరిగే చోటే వాళ్లు పెంటలు (చెంచు గూడేలు) కట్టుకుని బతుకుతున్నారంటే ఆ ఘనత విల్లుకు ఇవ్వలేం. జంతువుకు హఠాత్తుగా ఎదురుపడకుండా నడవడం వాళ్ల అసలు విద్య.

ఇందుకు ఎలుగే పెద్ద సాక్ష్యం. పులి మనిషి అలికిడి వింటే చాలావరకు తానే తప్పుకుంటుంది. ఎలుగుకు ముక్కు చురుకే గానీ చూపు అంతంతమాత్రం. పుట్ట తవ్వి చెదలు పీల్చేటప్పుడు ఆ చప్పుడులో ఇంకేదీ దానికి వినపడదు. మన వాసన గాలి మోసుకెళ్లకపోతే, దగ్గరికొచ్చేదాకా మనం ఉన్నట్టే తెలియదు. తెలిసిన మరుక్షణం బెదిరి మీద పడుతుంది. చెట్టెక్కినా లాభం లేదు, అదీ ఎక్కగలదు. ఇక ఇప్పపూల కాలం చూడండి. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున పూలు రాలతాయి. వాటికోసం మనిషీ వస్తాడు, ఎలుగూ వస్తుంది. చలికాలంలో ఈనిన తల్లి అప్పటికి పిల్లల్ని వీపున మోస్తూ తిరుగుతుంటుంది. వంగి పూలేరే మనిషికి చుట్టుపక్కల ఏముందో కనపడదు. అందుకే వెలుగు పరుచుకున్నాక, గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ, కర్రతో పొదలు తడుతూ వెళ్లాలి. ఈ జాగ్రత్తల్లో ప్రతిదీ ఆ జంతువు స్వభావాన్ని చూసి నేర్చుకున్నదే. కొండముచ్చు చెట్టుమీద నుంచి ఖర్రుమన్నా, దుప్పి కూత పెట్టినా, కణితి జింక ఒక్కచోటే నిలబడి అరిచినా ఆగి దారి మార్చుకోవడం కూడా అందులో భాగమే.

అలాగైతే అడవి బిడ్డల మీద దాడులే జరగకూడదు కదా అని అడగవచ్చు. జరుగుతున్నాయి. అయితే ఈ విద్యకు వెలుగూ, తోడూ, తీరికా కావాలి. ఇతరులకన్నా ముందే పూలు ఏరుకోవాలని చీకట్లో ఒంటరిగా బయలుదేరాల్సి వస్తే ఆ మూడూ ఉండవు. తప్పు పద్ధతిది కాదు, తొందరపెట్టే పేదరికానిది. కొత్త పరికరాలుండగా పాత పద్ధతులెందుకన్నది మరో మాట. టార్చిలైటు మేలే, తప్పక ఉండాలి. కానీ 1986లో సుందరవనాల్లో ఏం చేశారో గుర్తు చేసుకోవాలి. పులి వెనకనుంచి దూకుతుందని, అడవిలోకి వెళ్లేవాళ్లు తల వెనక మనిషి ముఖం మాస్కులు తగిలించుకున్నారు. మొదట్లో బాగా పనిచేసింది, తర్వాత పులులు మోసం పసిగట్టాయని అంటారు. జంతువును ఏమార్చే ఉపాయానికి ఆయుష్షు తక్కువ. మనిషి వస్తున్నాడని చాటే గొంతులో మోసం లేదు, పసిగట్టడానికేమీ లేదు.

1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికొచ్చిన నల్లమల అడవి రాష్ట్ర విభజన తర్వాత రెండు రిజర్వులైంది. ఇరువైపులా అటవీశాఖ చెంచుల్ని కాపలాకు పెట్టుకుంది. వాళ్ల చూపు విలువ ఆ శాఖకు తెలుసు. మరోవైపు అడవి నడిబొడ్డు నుంచి వెళ్లే కుటుంబానికిచ్చే పునరావాస సాయం 2021లో 10 లక్షల నుంచి 15 లక్షలకు పెరిగింది. ఆ లెక్కలో ఇల్లుంది, పొలముంది. పెద్దల వెంట నడుస్తూ పిల్లలు అడవిని వినడం నేర్చుకునే ఏళ్లు లేవు. ఆ విద్య నిలవాలంటే కొత్తగా చేరే బీట్ ఆఫీసర్లను కనీసం ఒక ఇప్పపూల కాలమంతా పెంటల పెద్దల వెంట నడిపించాలి. అందుకు ఆ పెద్దలకు గురువులుగా జీతమివ్వాలి.