ఎనిమిదికి ముందు, ఆరు తర్వాత

సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని, కంప్యూటర్‌లోని క్యాలెండర్ గురించి రాయడమేమిటని మీకనిపించొచ్చు. ఏది పనో ఏది కాదో, రోజు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే దేన్నయినా మనం చదవాల్సిందేనని నా ఉద్దేశం.

నేను వాడేది మాక్ కంప్యూటర్‌తో పాటే వచ్చే క్యాలెండర్. 2002లో ఐకాల్ అన్న పేరుతో వచ్చింది. 2012లో పేరు మార్చుకుని ఉత్త క్యాలెండర్ అయింది. ముందు మంచి చెప్పాలి. విడిగా కొనక్కర్లేదు. ఒక్కో పనికి ఒక్కో రంగు ఇవ్వొచ్చు. వారంవారం వచ్చే క్లాసుని ఒక్కసారి పెడితే చాలు, మళ్లీ మళ్లీ రాయక్కర్లేదు. ప్రయాణానికి పట్టే సమయాన్ని కూడా విడిగా చూపించొచ్చు. రాసుకున్నదంతా వేరే క్యాలెండర్లు చదవగలిగే రూపంలో బయటికి తీసుకోవచ్చు. నా సిద్ధాంత వ్యాసం చివరి ఏడాదిలో అధ్యాయాల గడువులన్నీ ఇదే గుర్తుచేసింది. ఆ రుణం కాదనను.

ఇక రెండో వైపు. తెరవగానే ఇందులో సిద్ధంగా ఉండే రెండు విభాగాలు 'హోమ్', 'వర్క్'. ఇల్లొకటి, పని ఇంకొకటి. ఇంట్లో చేసేది పనేనని స్త్రీవాదులు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. అయినా కొత్త కంప్యూటర్ ఆ పాత గీతనే గీసి చేతిలో పెడుతుంది. సెట్టింగుల్లోకి వెళ్తే 'రోజు మొదలు' ఉదయం 8, 'రోజు ముగింపు' సాయంత్రం 6 అని ఉంటుంది. ఆఫీసు మొదలు, ఆఫీసు ముగింపు అని కాదు, ఏకంగా రోజే! దానికి అటూ ఇటూ ఉన్న గంటలు బూడిదరంగులో మసకగా కనిపిస్తాయి. మన దేశంలో జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాల వినియోగ సర్వే రోజుని తెల్లవారుజాము 4 గంటల నుంచి లెక్కపెట్టింది. ఇంటిపనుల్లో పాల్గొన్న స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారని తేల్చింది. ఆ నిమిషాల్లో ఎనిమిదికి ముందూ ఆరు తర్వాతా గడిచేవన్నీ ఈ బూడిదరంగులోనే ఉంటాయి.

వేళలు మార్చుకోవచ్చు కదా అంటారు. మార్చుకోవచ్చు. నేనూ మార్చాను. కానీ ఎవరి రోజుకి మార్పు అక్కర్లేదో వాళ్ల కోసమే దాన్ని తయారుచేశారని ఆ మార్పే చెబుతోంది.

ఒక వారంపాటు ఇంటి చాకిరీ మొత్తం అందులో రాశాను. పాప టిఫిన్ డబ్బా, అత్తయ్య బీపీ మాత్రలు, గ్యాస్ బుకింగ్, ఇడ్లీ పిండి. ఇక్కడ ఇంకో చిక్కు. గంటల పట్టీలో ఎక్కడ రెండుసార్లు నొక్కినా గంట నిడివి గడి పడుతుంది. పిండి రుబ్బడానికి గంట పట్టదు. కానీ పప్పు నానబెట్టడం పొద్దున్నే గుర్తుండాలి, పిండి పులిసిందో లేదో మర్నాడు చూడాలి. రెండు రోజులు మనసులో మోసే పనికి ఏ గడి గీయాలి?

వారం నిండాక మా ఆయనకి చూపించాను. "ఇన్నెందుకు పెట్టావు? చూస్తుంటేనే ఊపిరాడట్లేదు" అన్నాడు. "చూస్తేనే అలా ఉందా!" అన్నాను. ఆయన నిజంగానే కదిలాడు. మందులూ గ్యాసూ తను చూసుకుంటానన్నాడు, ఇద్దరం ఒకే క్యాలెండర్ పంచుకున్నాం. పదిహేను రోజుల తర్వాత మందులు అయిపోయాయి. "నువ్వు పెట్టలేదు కదా, నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. అప్పుడర్థమైంది. పని చేతులు మారింది గానీ, పనిని గుర్తుపెట్టుకునే పని నా దగ్గరే ఉండిపోయింది. ఈ క్యాలెండర్‌లో పిలుపు అందుకున్నవాళ్లు వస్తాను, రాను, రావచ్చు అని చెప్పొచ్చు. ఆ పిలుపు రాయడానికి ఎవరు తలబద్దలు కొట్టుకున్నారో చెప్పే చోటు మాత్రం లేదు.

మా అమ్మ గోడ క్యాలెండర్ గుర్తొస్తుంది. గళ్లలో పెన్సిల్‌తో పాల లెక్క, చాకలి పద్దు, గ్యాస్ బండ మార్చిన తేదీ. అది అందరి కళ్లెదుట ఉండేది, అయినా అమ్మ తప్ప ఎవరూ చదివేవాళ్లు కాదు. అందులో అమ్మ గురించి ఒక్క మాటైనా ఉన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు తన పేరే మర్చిపోయి వెతుక్కుంటూ బయల్దేరుతుంది. నా రంగురంగుల వారాన్ని చూసుకుంటే నాకూ ఆ భయమే వేసింది. అందరి పేర్లూ ఉన్నాయి, నాది లేదు.

ఇప్పుడు తెల్లవారుజాము ఐదు నుంచి ఆరున్నర దాకా ఒక గడి పెట్టుకున్నాను. దాని పేరు 'నా రాత'. వారానికి నాలుగు రోజులైనా నిలబెట్టుకోలేకపోతున్నాను. ఈ వ్యాసం మాత్రం ఆ గడిలోనే రాశాను. మీ క్యాలెండర్ గోడమీద ఉన్నా, తెరమీద ఉన్నా, అందులో మీ పేరున ఎన్ని గళ్లున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి.